రంగులు నడిచిన దారి (17): పుట్టపాక ఎరుపు

తేలియా రుమాలును గుర్తుపట్టడానికి కళ్ల కంటే ముక్కే ముందు పనికొస్తుంది. మడత విప్పగానే నూనె వాసన గుప్పుమంటుంది. ఏళ్లు గడిచిన కొద్దీ వాసన తగ్గుతుంది, రంగు మాత్రం తగ్గదు. ఎరుపు, నలుపు, తెలుపు. మూడే రంగులు. నాలుగోది అడిగినవాళ్లకు నేతగాళ్లు నేసేది ఇంకేదో గుడ్డ గానీ తేలియా కాదు.

పోయిన వారం నీలిమందు బానల దగ్గర ఆగాం. ఈ వారం ఎరుపు. ఈ ఎరుపు కథ నల్లగొండ నూలు చిలపల దగ్గర మొదలై సూర్యకాంతి నుంచి కరెంటు తీసే పలకల దాకా వెళ్తుంది. దారి కొంచెం పొడవు. మధ్యలో బెర్లిన్, వియన్నా, లొసాన్, మళ్లీ మన తార్నాక తగులుతాయి.

సంస్థాన్ నారాయణపురం మండలంలో పుట్టపాక, దానికి కాస్త దూరంలో కొయ్యలగూడెం, ఇంకాస్త అవతల పోచంపల్లి. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడగొట్టినప్పుడు ఇవన్నీ యాదాద్రి భువనగిరిలోకి పోయాయి. అయినా నేత మాట వస్తే ఇప్పటికీ అందరి నోటా నల్లగొండే. దారానికి ముందే కట్లు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గమెక్కించే ఈ చిటికి పని ఇరవయ్యో శతాబ్దం మొదటి పాదంలో చీరాల వైపు నుంచి ఇక్కడికి వచ్చిందని చెబుతారు. చీరాలలో నేసిన రుమాళ్లు సముద్రం దాటి అరబ్బు దేశాలకు వెళ్లేవి. ఇక్కడివి పశులకాపరి తలపాగా నుంచి నిజాం ఇంటి ఆడవాళ్ల దుపట్టా దాకా అన్ని అంతస్తులూ ఎక్కాయి. పుట్టపాక మనిషి గజం గోవర్ధనకు 2011లో, ఆ ఊరివారే అయిన గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చింది. పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు 2020లో దక్కింది. బిరుదుల సంగతి అంతటితో చాలు. మనకు కావాల్సింది బిందెలో ఉన్న నూనె.

ఆముదం కాయల పొట్టు కాల్చి బూడిద చేస్తారు. ఆ బూడిదను నీళ్లలో కలిపి, పైకి తేరిన తేటలో నూనె వేసి గిలకొడితే పాలలా తెల్లటి ద్రవం తయారవుతుంది. అందులో నూలు చిలపలను ముంచి, చేతులతో పిసికి, ఎండలో ఆరేస్తారు. మర్నాడు మళ్లీ అదే. ఇలా రెండు మూడు వారాలు. పాత పద్ధతిలో గొర్రె పెంటికలు కూడా కలిపేవారు. ఇదంతా అయ్యేసరికి దారం జిడ్డుగా, మెత్తగా, కాస్త పసుపు తిరిగి ఉంటుంది. ఇంకా రంగు చుక్కయినా అంటలేదు! కట్లు కట్టాలి, పటిక పట్టించాలి, అప్పుడు రంగు. కట్లకు పాత సైకిల్ ట్యూబులను సన్నటి పీలికలుగా కోసి వాడతారు. ఎరుపు కావాల్సిన చోట పటిక, నలుపు కావాల్సిన చోట ఇనుము. తెలుపు అంటే ఏ రంగూ చేరనివ్వకుండా కాపాడిన చోటు.

ఆముదం ఎందుకు అంటే జవాబు సగం రసాయనంలో, సగం నేలలో ఉంది. నల్లగొండ, పాలమూరు చెల్కల్లో వాన ఆగినా, వెనకబడ్డా నిలిచే పంట ఆముదం. నిజాం రాజ్యం ఆముదం గింజలకు పేరుపడింది. ఆ పంట మీద పరిశోధన ఇప్పటికీ పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో సాగుతోంది. పాలెం అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూలు. నేతగాడి పెరటి అవతల ఏది పండితే అదే అతని రసాయన శాస్త్రం అయింది. బూడిదలోని క్షారం నూనెను విరగ్గొడుతుంది. సబ్బు తయారీలో జరిగేదీ ఇదే. అలా విరిగిన నూనె ముక్కలు పత్తి పోగు లోపలికి దిగి, రేపు రాబోయే పటికకు ముందుగానే కొక్కేలు తగిలించి పెడతాయి. యూరప్‌లో ఇదే పద్ధతిని టర్కీ ఎరుపు అనేవారు. తూర్పు దేశాల రంగరుల నుంచి దాన్ని నేర్చుకోవడానికి వాళ్లకు పద్దెనిమిదో శతాబ్దం మొత్తం పట్టింది. ఆ మీదట వాళ్లు ఆముదాన్ని గంధకామ్లంతో కలిపి ఓ కొత్త నూనె చేసి దానికి టర్కీ రెడ్ ఆయిల్ అని పేరు పెట్టారు. పేరులో టర్కీ ఉంది, సీసాలో ఆముదం ఉంది.

ఇక అసలు రంగు. కోరమాండల్ తీరంలో ఎరుపంటే చిరివేరు. కృష్ణా డెల్టా ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు అది. మచిలీపట్నం కలంకారీ ఎరుపు దానిదే. యూరప్‌లో అదే పనిని మ్యాడర్ అనే ఇంకో మొక్క వేరు చేసేది. ఈ మొక్కలు దేశం వేరైనా, ఆకు వేరైనా, లోపల దాచుకున్న ముఖ్యమైన అణువు ఒకటే. దాని పేరు అలిజరిన్. 1868లో బెర్లిన్‌లో కార్ల్ గ్రేబే, కార్ల్ లీబర్మన్ ఇద్దరూ దాన్ని తారులోంచి వచ్చే ఆంత్రసీన్‌తో తయారుచేశారు. మొక్క చేసే రంగును మనిషి ప్రయోగశాలలో చేయడం అదే మొదలు. మరుసటి ఏడాది లండన్‌లో పేటెంటు కోసం జర్మన్ రంగుల కంపెనీ బిఎఎస్ఎఫ్ తరఫున హైన్రిష్ కారో బృందం జూన్ 25న దరఖాస్తు వేసింది. ఇంగ్లండ్ రసాయనవేత్త విలియం పెర్కిన్ జూన్ 26న వేశాడు. ఒక్క రోజు తేడా. ఆ తర్వాత దక్షిణ ఫ్రాన్స్‌లో మ్యాడర్ చేలు బీళ్లు పడ్డాయి, కొన్నేళ్లకు మన తీరంలో చిరివేరు తవ్వేవాళ్లకూ పని పోయింది. తేలియా రుమాళ్ల మీదికి డబ్బాలో వచ్చిన అలిజరిన్ ఎక్కింది. నూనె, బూడిద, పటిక మాత్రం అలాగే ఉండిపోయాయి, ఎందుకంటే వేరులోంచి వచ్చినా తారులోంచి వచ్చినా ఆ అణువుకు తెలిసిన విద్య ఒకటే.

ఆ విద్య ఏమిటో కాస్త నిదానంగా చూద్దాం. అలిజరిన్ పొడిని ఉత్తినే చూస్తే ఎరుపు కాదు, పసుపు తిరిగిన నారింజ. నీళ్లలో సరిగా కరగదు. తెల్లటి దారాన్ని అందులో వేస్తే రంగు పైపైన అంటి, రెండు ఉతుకులకు పోతుంది. అయితే దాని అంచున పక్కపక్కనే రెండు ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలున్నాయి, చాచిన రెండు చేతుల్లాగా. పటికలోని అల్యూమినియం కనిపించగానే ఆ చేతులు దాన్ని పట్టుకుంటాయి. పట్టు బిగిసిన క్షణాన రంగు మారిపోతుంది. నారింజ పోయి నెత్తుటి ఎరుపు వస్తుంది. అల్యూమినియం బదులు ఇనుము దొరికితే నల్లబడుతుంది. రంగరులు దీన్ని పక్కా రంగు అంటారు. పక్కా అవడానికి కారణం అణువు గట్టిదని కాదు, అది లోహాన్ని పట్టుకున్న పట్టు గట్టిదని. పట్టు కలిసినప్పుడు అణువులోని ఎలక్ట్రాన్ల అమరిక మారింది కాబట్టే కంటికి కనిపించే రంగూ మారింది. ఈ ముక్కను గుర్తుపెట్టుకోండి. దీనితో మళ్లీ పని పడుతుంది.

రంగంటేనే వెలుగును కొంత మింగడం. ఎర్ర గుడ్డ నీలం, ఆకుపచ్చ కాంతులను మింగి ఎరుపును వదిలేస్తుంది. మింగిన కాంతి ఎక్కడికి పోతుంది? అణువులో ఒక ఎలక్ట్రాన్ పై మెట్టుకు ఎగురుతుంది. పై మెట్టు మీద దానికి కుదురుండదు. చాలాసార్లు ఆ శక్తిని వేడిగా వదిలేసి మళ్లీ కిందికి దిగిపోతుంది. ఎప్పుడో ఒకసారి దిగకుండా పక్కనున్న ఆక్సిజన్‌తోనో తేమతోనో గొడవ పెట్టుకుంటుంది. అప్పుడు అణువు చెడిపోతుంది. మనం రంగు వెలిసింది అంటాం. కాబట్టి రంగరికి కావాల్సింది, ఎగిరిన ఎలక్ట్రాన్ ఎవరి జోలికీ పోకుండా బుద్ధిగా ఇంటికి రావడం. ఇప్పుడు మనం చెప్పుకోబోయే శాస్త్రవేత్తలకు కావాల్సింది సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. ఎగిరిన ఎలక్ట్రాన్ ఇంటికి రాకూడదు. గడప దాటి పారిపోవాలి, పారిపోతే అది కరెంటు.

రంగు చేత ఎలక్ట్రాన్‌ను ఇంకో పదార్థంలోకి నెట్టించవచ్చని మొదట తెలిసింది ఫొటోల వాళ్లకు. 1873లో బెర్లిన్‌లో హెర్మన్ ఫోగెల్ ఒక వింత గమనించాడు. వెండి ఉప్పు పూసిన ఫొటో పలకలు అప్పటిదాకా నీలం కాంతికే స్పందించేవి. ఎరుపు వాటికి చీకటితో సమానం. నిజాం మహబూబ్ అలీ పాషా కొలువులో ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ పలకలు కడగడానికి ఇంకా కొన్నేళ్లుంది. మామూలు పలక మీద ఎర్ర రుమాలు కట్టుకున్న మనిషిని ఫొటో తీస్తే, తలకు నల్ల గుడ్డ చుట్టుకున్నట్టే పడేది. ఆ కాలపు ఫొటోల్లో ఎవరి తలపాగా ఏ రంగో నలుపును చూసి నిర్ణయించకండి. ఫోగెల్ ఆ వెండి ఉప్పుకు కొంచెం రంగు కలిపి చూశాడు. అంతే, పలక ఆకుపచ్చను కూడా చూడటం మొదలెట్టింది. వెండి ఉప్పు మింగలేని కాంతిని రంగు మింగి, ఎలక్ట్రాన్‌ను దాని చేతిలో పెడుతోంది. అప్పటికి ఎలక్ట్రాన్ అనే మాటే పుట్టలేదు, కాబట్టి ఆయన ఇలా చెప్పలేదు.

1887లో వియన్నాలో జేమ్స్ మోజర్ ఇంకో అడుగు వేశాడు. వెలుగు పడితే కాస్త కరెంటు పుట్టే పలకలు 1839లో ఎడ్మండ్ బెకరెల్ కాలం నుంచీ ఉన్నాయి. మోజర్ వాటికి ఎరిత్రోసిన్ అనే ఎర్ర రంగు పట్టిస్తే కరెంటు పెరిగింది. కేకుల మీద చెర్రీ పండ్లకు మెరుపుటెరుపు తెచ్చే రంగు అది. ఇవాళ డై సోలార్ సెల్ అని పిలుచుకునేదానికి పూర్వీకుడు ఆ చిన్న ప్రయోగమే. ఎవరూ పట్టించుకోలేదు. ఎనభై ఏళ్లు గడిచాక, 1968 ప్రాంతంలో, జర్మనీలో హైన్జ్ గెరిషర్, హెల్ముట్ ట్రిబుట్ష్ జింక్ ఆక్సైడ్ స్ఫటికం మీద రంగులు పట్టించి ఆ లెక్కంతా శాస్త్రీయంగా తేల్చారు. రంగు ఎలక్ట్రాన్‌ను స్ఫటికంలోకి నెట్టడం నిజమే. చిక్కల్లా ఒక్కటే. నున్నటి స్ఫటికం మీద ఒక్క వరుస రంగు అణువులే పనికొస్తాయి. ఆ ఒక్క వరుస మింగే కాంతి నూటికి ఒకటి కూడా ఉండదు. వరుస మీద వరుస పేర్చితే పైవాటి ఎలక్ట్రాన్లు స్ఫటికందాకా చేరవు.

ఇదే చిక్కు రంగరికి చెబితే నవ్వుతాడు. చెక్క పలకకు రంగు పట్టించినట్టు పట్టిస్తే ఎట్లా, నూలుకు పట్టించాలి! ఒక చిలప నూలులో ఎన్ని పోగులు, ఒక్కో పోగు చుట్టూ ఎంత చోటు. రంగు పట్టేది బరువును బట్టి కాదు, చోటును బట్టి.

స్విట్జర్లాండ్‌లోని లొసాన్ నగరంలో మిఖాయెల్ గ్రెట్జెల్, బ్రయాన్ ఓ'రీగన్ చేసింది అచ్చం అదే. వాళ్లు తీసుకున్న పదార్థం టైటానియం డయాక్సైడ్. గోడలకు వేసే తెల్ల పెయింటులో ఉండేది ఇదే, చవక, విషం కాదు. దాన్ని స్ఫటికంగా కాకుండా మెత్తటి పొడిగా తీసుకున్నారు. ఒక్కో రేణువు కొన్ని పదుల నానోమీటర్లు కూడా ఉండదు. ఆ పొడిని గాజు మీద పలుచగా పూసి కాలిస్తే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, నడుమ సందులు మిగిలి, అటుకుల ఉండలా గుల్లగా తయారైంది. పొర మందం పది మైక్రాన్లు, పత్తి పోగు కంటే పలుచన. లోపలి చోటు మాత్రం పైకి కనిపించే గాజుకు వందల రెట్లు. ఈసారి ఒక్కో రేణువు మీదా ఒక్క వరుస రంగే, కానీ వందల వరుసలకు సమానం. ఈ పనిని 1991 అక్టోబరు 24న నేచర్ పత్రికలో అచ్చువేశారు. సూర్యకాంతిలో నూటికి ఏడు పాళ్లకు మించి కరెంటుగా మారింది. మబ్బు పట్టిన కాంతిలో ఇంకా మెరుగ్గా, 12 పాళ్ల దాకా పనిచేసింది.

ఈ సెల్ లోపల జరిగే పని కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది సిలికాన్ పలక చేసే పని కాదు. సిలికాన్‌లో వెలుగును మింగేదీ, ఎలక్ట్రాన్‌ను మోసేదీ ఒకే పదార్థం. ఇక్కడ పనులు పంచుకున్నారు. మింగేది రంగు. మోసేది తెల్ల పొడి. రంగు అణువులో ఎలక్ట్రాన్ ఎగిరి, క్షణం ఆగకుండా తెల్ల పొడిలోకి దూకుతుంది. ఇప్పుడు తెల్ల పొడిలో ఒక ఎలక్ట్రాన్, రంగు అణువులో దాని ఖాళీ. ఆవేశాలు విడిపోవడం అంటే ఇదే, మొత్తం విద్యలో గుండెకాయ. పొడిలో చేరిన ఎలక్ట్రాన్ రేణువు నుంచి రేణువుకు దారి తప్పుతూ, ఆగుతూ, మళ్లీ కదులుతూ గాజు దగ్గరికి చేరి, తీగలోకి దిగి, బల్బు వెలిగించి, అవతలి గాజుకు వస్తుంది. రెండు గాజుల నడుమ అయోడిన్ కలిపిన ద్రవం ఉంటుంది. ఖాళీ పడ్డ రంగు అణువుకు అందులోని అయోడైడ్ ఒక ఎలక్ట్రాన్ అప్పిస్తుంది. అవతలి గాజు దగ్గర ఆ అప్పు తీరుతుంది. మళ్లీ మొదటికి.

ఇదంతా ఒక పందెం. ఎలక్ట్రాన్ పారిపోవడానికి పట్టే కాలం, తిరిగి రావడానికి పట్టే కాలం కంటే చాలా చాలా తక్కువ ఉండాలి. అదృష్టం ఏమిటంటే మంచి రంగులకు ఈ తేడా నమ్మశక్యం కానంత ఎక్కువ. వెళ్లడం సెకనులో లక్ష కోట్ల వంతులో, ఇంకా తక్కువలో ముగిసిపోతుంది. తిరిగి రావడానికి సెకనులో పది లక్షల వంతు నుంచి వెయ్యో వంతు దాకా పడుతుంది. ఆ లోపు అయోడైడ్ వచ్చి ఖాళీ నింపేస్తుంది. ఎలక్ట్రాన్ వెనక్కి తిరిగి చూసేసరికి ఇంట్లో దాని చోట ఇంకొకరు కూర్చుని ఉంటారు.

ఏ రంగు? ఇక్కడే మన హైదరాబాదు కథలోకి వస్తుంది. మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ, అకర్బన రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో కొంతకాలం పాఠాలు చెప్పారు, భావనగర్ ఉప్పు పరిశోధన సంస్థలో పనిచేశారు, 1987లో భారత ప్రభుత్వ ఫెలోషిప్ మీద లొసాన్ వెళ్లారు. గ్రెట్జెల్ బృందంలో ఆయన పేరు మొదట ఉన్న 1993 నాటి వ్యాసం ఆ రంగంలో పనిచేసేవాళ్లందరికీ ఇప్పటికీ పాఠ్యపుస్తకం లాంటిది. అందులో రుథేనియం లోహం చుట్టూ కట్టిన ఒక ఎర్రటి రంగును పరిచయం చేశారు. తర్వాత అందరూ దాన్ని ఎన్3 అని పిలిచారు. దానితో పది పాళ్ల సామర్థ్యం వచ్చింది. 2001లో ఇంకా నల్లటి రంగు చేసి, ఎర్ర కాంతిని దాటి అవతల కంటికి కనిపించని కాంతిని కూడా మింగించి, పది పాళ్లను దాటించారు. ఎన్3 తెల్ల పొడిని ఎలా పట్టుకుంటుందంటే, దానికి కార్బాక్సిల్ అనే కొక్కేలుంటాయి. ఆ కొక్కేలు టైటానియంను పట్టుకుంటాయి. లోహం వేరు, చేతులు వేరు. మిగతాదంతా పటిక కథే. తెల్లటిదాన్ని రంగులో ముంచి రాత్రంతా ఉంచడం, తీసి కడగడం, రంగు నీళ్లు వదలకుండా ఉంటే పట్టిందని నమ్మడం. లొసాన్ ప్రయోగశాల చేసే పని చూస్తే పుట్టపాక ఆడవాళ్లకు వింతగా ఏమీ అనిపించదు, బిందె చిన్నదైపోయింది తప్ప.

అయితే పాత అలిజరిన్ సంగతి? అది కూడా టైటానియంను పట్టుకుంటుంది. మొదట చెప్పిన ఆ రెండు చేతులతోనే. అల్యూమినియంను పట్టుకున్నప్పుడు లాగే రంగు మారుతుంది, నారింజ పోయి వైన్ ఎరుపు వస్తుంది. 2002లో రాబర్ట్ హూబర్, జాక్-ఎడ్వార్డ్ మోజర్, గ్రెట్జెల్, యోసెఫ్ వాఖ్ట్‌వైట్ల్ కలిసి ఈ జోడీ మీద అతి చిన్న లేజర్ మెరుపులు వేసి, ఎలక్ట్రాన్ ఎంతసేపట్లో దూకుతుందో కొలిచారు. మొదటి మోజర్ వియన్నా, రెండో మోజర్ లొసాన్. మధ్యలో 115 ఏళ్లు. ఇంటిపేరు కలవడం కాకతాళీయమే, కానీ చరిత్ర రాసేవాడికి ఇలాంటివి దొరికితే వదలబుద్ధి కాదు.

వాళ్లకు వచ్చిన సంఖ్య 6 ఫెమ్టోసెకన్లు. సెకనును లక్ష కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ వెయ్యి చేస్తే వచ్చేది ఒక ఫెమ్టోసెకను. ఆరు ఫెమ్టోసెకన్లలో వెలుగు కూడా రెండు మైక్రాన్లు దాటి పోలేదు. పత్తి పోగు మందంలో అది పదో వంతు. అంత త్వరగా ఎలక్ట్రాన్ రంగును వదిలి తెల్ల పొడిలో పడింది. కారణం ఆ పట్టే. రంగుకూ లోహానికీ మధ్య పట్టు ఎంత దగ్గరగా ఉందంటే, పై మెట్టుకు ఎగిరిన ఎలక్ట్రాన్‌కు తాను ఏ ఇంట్లో ఉన్నానో స్పష్టంగా తెలియదు, సగం గడప అవతలే ఉంటుంది. రుమాలుకు ఎరుపు ఇచ్చిన పట్టు, ఉతికినా పోనివ్వని పట్టు, ఇక్కడ గేటు తీసి పెట్టింది.

ఇది విని అలిజరిన్‌తో సోలార్ పలకలు చేసేయవచ్చు అనుకుంటే పొరపాటు. తలుపు తీసి ఉంటే వెళ్లడం ఎంత సులువో రావడం కూడా అంతే సులువు. వెళ్లినవాటిలో చాలా భాగం అయోడైడ్ చేరే లోపే వెనక్కి వచ్చేస్తాయి. పైగా అలిజరిన్ మింగేది నీలం, ఆకుపచ్చ కాంతులే. ఎరుపును వదిలేస్తుంది, ఆ ఎరుపు కోసమే కదా దాన్ని గుడ్డ మీద పెట్టాం. వేగమొక్కటే చాలదని అలిజరిన్ దగ్గర తెలిసింది. దూకిన ఎలక్ట్రాన్‌కు వెనక్కి రావడానికి దారి కష్టంగా ఉండేట్టు అణువును కట్టాలి. అందుకని రసాయనవేత్తలు ఒక చివర ఎలక్ట్రాన్ ఇచ్చే గుణం, మధ్యలో వంతెన, రెండో చివర లాగే గుణం, ఆ చివరనే కొక్కెం ఉండేట్టు అణువులు కట్టడం మొదలెట్టారు. వెలుగు పడగానే ఎలక్ట్రాన్ కొక్కెం వైపు జారుతుంది. ఖాళీ మాత్రం అటు చివర, దూరంగా మిగులుతుంది. రుథేనియం లేకుండా ఇలా కేవలం కార్బన్, నైట్రోజన్, గంధకం వంటివాటితో చేసినవాటినే కర్బన రంగులు అంటున్నాం. రుథేనియం దొరికేది తక్కువ, ఖరీదు ఎక్కువ. తారు నుంచి వచ్చిన అలిజరిన్ ఎంత చవకగా చిరివేరును తరిమేసిందో తెలిసినవాళ్లకు ఈ ఆశ ఎక్కడిదో చెప్పనవసరం లేదు.

తార్నాకలో భారత రసాయన సాంకేతిక సంస్థ ఉంది. 1944లో నిజాం ప్రభుత్వం పెట్టిన ప్రయోగశాల అది. 1956లో కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సిఎస్ఐఆర్) కిందికి వచ్చి రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీ అయింది, 1989లో ఇప్పటి పేరు పెట్టుకుంది. పాతవాళ్లు ఇంకా ఆర్ఆర్ఎల్ అనే అంటారు. ఎల్. గిరిబాబు, ఎం. చంద్రశేఖరం, ఎం. లక్ష్మీకాంతం తదితరులు ఇక్కడినుంచి లొసాన్ బృందంతో కలిసి పనిచేశారు. 2007లో జర్మన్ పత్రిక అంగెవాంటె కెమీలో వాళ్లంతా కలిసి ఒక వ్యాసం అచ్చువేశారు. అందులో రంగు థాలోసయనిన్. ప్లాస్టిక్ బకెట్లకూ అచ్చు సిరాకూ నీలం ఇచ్చే కుటుంబం అది. ఆ నీలంలో రాగి ఉంటుంది, వీళ్లు జింకు పెట్టారు. థాలోసయనిన్ ఎర్ర కాంతిని మింగుతుంది, అంటే అలిజరిన్ వదిలేసిన చోటే ఇది మొదలవుతుంది.

థాలోసయనిన్‌తో పాత గొడవ ఒకటుంది. చదునైన అణువులు కాబట్టి పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. అలా పేరుకుంటే మింగిన శక్తి తమలో తామే పంచుకుని వేడి చేసేస్తాయి, తెల్ల పొడికి ఒక్క ఎలక్ట్రాన్ అందదు. వాళ్లు ఆ అణువుకు మూడు పక్కల పొదల్లాంటి కార్బన్ గుత్తులు తగిలించారు, దగ్గరికి రానివ్వకుండా. నాలుగో పక్క కొక్కేలు పెట్టారు, టైటానియంను పట్టుకోవడానికి. దానికి పిసిహెచ్001 అని పేరు పెట్టారు. 692 నానోమీటర్ల ఎర్ర కాంతిలో పడ్డ నూరు కాంతి కణాలకు 75 ఎలక్ట్రాన్లు వచ్చాయి. మొత్తం సూర్యకాంతి మీద లెక్క వేస్తే సామర్థ్యం 3.05 పాళ్లే. అప్పటికి థాలోసయనిన్ జాతికి అదే గొప్ప. రంగు అణువులు గుంపు కట్టకుండా ఇలాంటి సెల్‌లలో ఇంకో పదార్థం కూడా కలుపుతారు, అది పిత్తరసం జాతి ఆమ్లం. పుట్టపాక పాత బిందెలో గొర్రె పెంటికలు, సోలార్ సెల్‌లో పిత్తరసం. రెండూ రంగు కోసం కలిపేవే. ప్రయోగశాలలో ఈ మాట అంటే నవ్వుతారేమో గానీ కాదనలేరు.

పరుగు ఆగలేదు. 2011లో అశ్వని యెల్ల మొదటి రచయితగా లొసాన్ నుంచి సైన్స్ పత్రికలో వచ్చిన వ్యాసం పార్ఫిరిన్ రంగుతో 12.3 పాళ్లు చూపించింది. పార్ఫిరిన్ అంటే ఆకుపచ్చని ఆకులోని క్లోరోఫిల్‌కు దగ్గరి చుట్టం. అక్కడ అయోడిన్ స్థానంలో కోబాల్టు వచ్చింది. 2014లో 13 పాళ్లు. అదే ఏడాది లొసాన్‌లో తెరిచిన కన్వెన్షన్ సెంటరు పడమటి గోడకు ఎరుపు, నారింజ, ఆకుపచ్చ గాజులు బిగించారు. దాదాపు 300 చదరపు మీటర్లు. లోపలికి రంగుల నీడ పడుతుంది, గోడ కరెంటు ఇస్తుంది. ఆ గాజు మీద సాయంత్రం ఎండ పడ్డ బొమ్మ చూసినప్పుడు నాకు ఆరేసిన చిలపలే గుర్తొచ్చాయి.

మరి పాలమూరు రోడ్డు పక్కన నీలం పలకలు వేసినచోట రంగు గాజులు ఎందుకు లేవు? కారణం మన ఎండే. లోపల ద్రవం ఉంది. ఆ ద్రవానికి బాగా పనికొచ్చే ఎసిటోనైట్రైల్ 82 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో ఎండకు నిలబెట్టిన గాజు పలక 60 డిగ్రీలు దాటడం మామూలు. ద్రవం ఒత్తిడికి అంచుల అతుకులు వదులుతాయి, అయోడిన్ కారుతుంది, లోహాన్ని తింటుంది. ఇరవై ఏళ్లు నిలబడాల్సిన పలకకు అది పెద్ద జబ్బు. సిలికాన్ అప్పటికే చవకైపోయింది. ఎండ తక్కువున్న దేశంలో పుట్టిన సెల్ మబ్బుల్లో, గది లోపలి దీపాల కింద బాగా పనిచేస్తుంది. దాని ఇల్లు పైకప్పు కాదు, బల్ల మీది చిన్న యంత్రం. నేనైతే దీన్ని ఓటమి అనను. చెల్కలో వరి పండలేదని వరిని ఎవరూ తిట్టరు.

ద్రవాన్ని తీసేసి గట్టి పదార్థం పెట్టే ప్రయత్నాలు చాలా ఏళ్లుగా ఉన్నాయి. 2009లో జపాన్‌లో త్సుతోము మియసక బృందం రంగు అణువు బదులు సీసం, అయోడిన్ కలిసిన ఒక చిన్న స్ఫటికాన్ని అదే తెల్ల పొడి మీద కూర్చోబెట్టింది. వచ్చింది 3.8 పాళ్లే, అదీ నిమిషాల్లో ద్రవంలో కరిగిపోయేది. మూడేళ్లకు ఎవరో ఆ ద్రవాన్ని తీసేశారు. అప్పటినుంచి లొసాన్‌లో నజీరుద్దీన్ బల్ల మీద కూడా రంగు సీసాల పక్కన ఆ స్ఫటికం సీసాలు చేరాయి. దాని పేరు పెరోవ్‌స్కైట్. ఉరల్ కొండల్లో దొరికిన ఒక రాయి పేరది. రంగుల కథలోకి రాయి ఎలా వచ్చిందో వచ్చే వారం.